రాయప్ప, చిన్నప్ప, శౌరి

రేణిగుంట జంక్షన్‌లో గుండు కొట్టించుకున్న మనిషి కనబడితే ఎవరూ తిరిగి చూడరు. తిరుమల కొండ దిగొచ్చాడనే లెక్క. కానీ సెప్టెంబరు రెండో వారంలో ఆ గుండ్లలో కొన్ని కొండవి కావు, సముద్రపు ఒడ్డువి. నాగపట్నం పక్కన వేళాంకణ్ణిలో ఆరోగ్యమాతకు తలనీలాలిచ్చి, కాట్పాడి మీదుగా తిరిగొచ్చినవాళ్లవి. అక్కడ ఆగస్టు 29న జెండా ఎక్కుతుంది. ఆ తర్వాత నవదిన ప్రార్థనలు. సెప్టెంబరు 8న, మరియమాత పుట్టినరోజున, పండుగ. ధ్వజారోహణంతో మొదలై తొమ్మిది రోజులు సాగే బ్రహ్మోత్సవాలు చూసిన తిరుపతి వైపు జనానికి ఈ వరస ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వేళాంకణ్ణి తొమ్మిదికి మూలం మాత్రం వేరు. యేసు పరలోకానికి ఆరోహణమయ్యాక, పవిత్రాత్మ దిగివచ్చేదాకా శిష్యులు, మరియమ్మ కలిసి ప్రార్థించిన రోజులవి.

పుట్టినరోజు పండుగ అన్నాను గానీ, కథోలిక పంచాంగంలో అది చాలా అరుదు. యేసు, మరియమాత, బాప్తిస్మమిచ్చిన యోహాను, ఈ ముగ్గురికే పుట్టినరోజు పండుగ. మిగిలిన పునీతులకు సాధారణంగా చనిపోయిన రోజే పండుగరోజు. రెండో శతాబ్దంలో స్ముర్నా పట్టణపు పొలికార్పును చంపినప్పుడు, అక్కడి విశ్వాసులు ఆయన ఎముకలు ఏరుకొచ్చి దాచుకున్నారు. ఏటా ఆ తేదీకి కూడి, దాన్ని ఆయన జన్మదినంగా జరుపుకుంటామని రాసుకున్నారు. భూమ్మీద చావు, పరలోకంలో పుట్టుక అని వాళ్ల లెక్క. మనం తద్దినం పెట్టే తేదీకి కథోలికులు బిర్యానీ వండుకుంటారన్నమాట. పండుగ పూజలో గురువు వేసుకున్న పైవస్త్రం చూస్తే మిగతా కథ కూడా కొంత తెలుస్తుంది. ఎరుపైతే ఆ రోజు పునీతుడు రక్తం చిందించి పోయినవాడు. తెలుపైతే అలా కాక వెళ్లినవాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి పేర్లు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి జెస్విట్ గురువులు పుంగనూరు దాకా వచ్చారు. ఈ సీమలో పాతుకున్న కథోలిక పేర్లలో చాలావాటికి తమిళ వాసన ఉంది. పునీతుల పేర్లు ఇక్కడ అచ్చం అలాగే దిగుమతి కాలేదు. పేతురు అంటే గ్రీకులో రాయి. రాయప్ప అనగానే తెలుగు చెవికి వినిపించేదీ అదే. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడు, కాబట్టి చిన్నప్ప. జూన్ 29న ఇద్దరికీ కలిపి ఒకే పండుగ. ఫ్రాన్సిస్ జేవియర్ పేరు పోర్చుగీసు నోట్లో ‘షవియేర్’ అని పలికేది. అది నలిగి నలిగి శౌరి అయింది. 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని ఒక దీవిలో చనిపోయిన ఆయనకు కృష్ణుడి పేరు కుదరడం యాదృచ్ఛికమే గానీ, ప్లాట్‌ఫారం మీద ఎవరో ‘శౌరీ’ అని కేకేస్తే పలికే పిల్లాడు ఏ గుడికి వెళ్లేవాడో చెప్పలేం.

తిరువాన్కూరు కొలువులో ఉద్యోగి నీలకంఠ పిళ్లై 1745లో జ్ఞానస్నానం తీసుకున్నాడు. ఆయనకు పెట్టిన పేరు లాజరు. ఆ హీబ్రూ పేరుకు దేవుడు సాయపడ్డాడని అర్థం. తమిళంలో అది దేవసహాయం అయింది. 1752 జనవరి 14న అరల్‌వాయ్‌మొళి దగ్గర తుపాకులతో కాల్చి చంపారు. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. మన దేశంలో గురువు కాని ఒక సంసారికి ఈ గౌరవం దక్కడం అదే మొదలు. ఆయన పండుగ మన సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది.

చదువు రానివాళ్లకు పునీతుడి చరిత్ర బొమ్మలోనే ఉంటుంది. చేతిలో తాళంచెవులుంటే రాయప్ప, కత్తి ఉంటే చిన్నప్ప. గోధుమరంగు అంగీ, చంకలో బాలయేసు, చేతిలో లిల్లీ పువ్వు ఉంటే పాదువా అంతోని. ఆయన 1231 జూన్ 13న చనిపోయారు, మంగళవారంనాడు పాతిపెట్టారు. అందుకే అంతోనివారి గుళ్లలో మంగళవారం రద్దీ. పోయిన వస్తువు దొరకాలని మొక్కుకునేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు.

ఈ చరిత్రలన్నీ అక్షరాలా నిజమా అంటే, కావు. ఆ సంగతి ముందుగా పట్టించుకున్నది చర్చివాళ్లే. బొలాండిస్టులనే జెస్విట్ పండితులు 1643 నుంచి పునీతుల చరిత్రలను పాత రాతప్రతులతో సరిచూసి, నెలల వరసలో అచ్చువేస్తూ వచ్చారు. 1969లో పంచాంగాన్ని సవరించినప్పుడు, చారిత్రక ఆధారం బలంగా లేని కొందరి పండుగలను సార్వత్రిక జాబితా నుంచి తీసేశారు. మొక్కులు మాత్రం ఆగలేదు. నా మట్టుకు నాకు కట్టుకథ కూడా పనికొచ్చేదే, ఒక ఊరు దేనికి భయపడిందో, దేన్ని కోరుకుందో అందులో తెలుస్తుంది.

రేణిగుంట కథోలికులు కడప మేత్రాసనం, అంటే కడప బిషప్ పరిధి, కిందికి వస్తారు. అది 1976లో ఏర్పడింది. ఆ మేత్రాసనానికి 1992లో గురువుగా అభిషిక్తుడైన ఒకాయన, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. ఆయన పేరు అంతోని. ఇంటిపేరు పూల.