వేటగాని కన్నీరు

అమెరికాలోని వార్నర్ బ్రదర్స్ సంస్థవారు 1957 జూలైలో విడుదల చేసిన ‘వాట్స్ ఒపేరా, డాక్?’ అను బొమ్మల చిత్రము నిడివి ఏడు నిమిషములైనను లేదు. దర్శకుడు చక్ జోన్స్. కథ కూర్చినవాడు మైకేల్ మాల్టీస్. పిల్లల వినోదమని పెద్దలు ప్రక్కకు నెట్టే ఇటువంటి చిత్రమును గురించి మన పత్రికలో వ్రాయుట ఎందుకని పాఠకులు అడుగవచ్చును. మన పాటల మేలు కోరియే వ్రాయుచున్నాము.

కథ పాతదే. ఎల్మర్ ఫడ్ అనే వేటగాడు బగ్స్ బన్నీ అనే కుందేలును తరుముతాడు. 1940లో టెక్స్ ఏవరీ తీసిన ‘ఎ వైల్డ్ హేర్’ నాటినుండి వీరిద్దరి ఆట ఇదే. అయితే ఇక్కడ తుపాకికి బదులు శిరస్త్రాణము, బల్లెము వచ్చినవి. మాటలు చాలవరకు పాటలైనవి. ఆ పాటలకు ఆధారము జర్మనీ సంగీతకర్త వాగ్నర్ బాణీలు. నాలుగు రాత్రులు ప్రదర్శించే ఆయన ‘రింగ్’ నాటకముల ఠీవిని ఇందులో చిటికెలో చూపినారు. కుందేలు వీరవనిత వేషము వేసి, బాగా బలిసిన తెల్లగుఱ్ఱముపై దిగివస్తుంది. వేటగాడు మోహపడి నాట్యమాడుతాడు. వేషము జారి చెవులు బయటపడగానే కోపముతో పిడుగులను పిలుస్తాడు.

ఇంత నవ్వులోను సంగీతమును మాత్రము వెక్కిరింపలేదు. మిల్ట్ ఫ్రాంక్లిన్ కూర్చిన వాద్యగోష్ఠి నిండుగా మ్రోగుతుంది. మారిస్ నోబుల్ రూపొందించిన కొండలు, కోటలు, నీడలు గొప్ప రంగస్థలమునకు తీసిపోవు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు చేసే పనియు ఇదే గదా! వాడు మధ్యలో వచ్చి నవ్విస్తాడు. రామాయణము మాత్రము చెదరదు.

1940 నాటి చిత్రములో కుందేలు చచ్చినట్లు నటించగా వేటగాడు ఏడ్చినాడు. అది వట్టి మోసము. ఇక్కడ పిడుగు నిజముగానే పడినది. కదలని కుందేలును చేతులపై ఎత్తుకొని వేటగాడు విలపిస్తూ పోతాడు. అప్పుడు కుందేలు తలయెత్తి, ఒపేరాలో సుఖాంతము కోరుకొన్నారా అని మనలనే ప్రశ్నిస్తుంది. నవ్వుతాము, అయినను గెలిచినవాని దుఃఖము మనసును వదలదు.

ఒక లోటు చెప్పవలెను. ఒపేరా ఎరుగనివారికి ఇందులోని హాస్యము సగమే అందుతుంది. అయితే వాగ్నర్ బాణీని మొట్టమొదట ఈ కుందేలు నోటనే విన్నవారును ఉన్నారు. బాణీ చెడలేదు గనుక వారు అసలు సంగీతము వద్దకు పోగలరు. 1992లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ చలనచిత్ర పట్టికలో ఈ చిత్రమునకు చోటు దక్కుట సమంజసమే.

చెరకు తోటలలో మన తాతలు నిలుపుకొన్న రాంభజనము చూచి నేటి పిల్లలు నవ్వుతారని పెద్దలు నొచ్చుకొనుచుందురు. నవ్వనిండు. నవ్వు వలన పాట చావదు. శ్రుతి తప్పక, అర్థము తెలిసి పాడేవారు కరవైననే చచ్చును. ముందు అసలు పాటను నేర్పుదము. కేతిగాళ్ళు వారిలోనుండియే పుట్టుదురు.