అనకూడని మాట

మా అక్క పోయినప్పుడు దాని కూతురికి పదమూడేళ్లు. పదకొండో రోజుకి వచ్చినవాళ్లంతా పిల్ల తల నిమిరి ఒకటే మాటన్నారు, "ఇక తమ్ముడికి అమ్మవి నువ్వేనమ్మా" అని. అది తలూపింది. ఏడవలేదు. ఎంత ధైర్యమో అని అందరం మెచ్చుకున్నాం. నెల తర్వాత ఓ రాత్రి నా పక్కన పడుకుని, "పిన్నీ, అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇదంతా ఎప్పుడైపోతుందా అనుకున్నాను. అందుకే పోయిందా?" అనడిగింది. "ఛ, అలా అనకూడదు" అని నోరు మూయించాను. సాహిత్యం పాఠాలు చెప్పి బతికే నాకు ఆ రాత్రి అంతకంటే మాట దొరకలేదు.

ప్యాట్రిక్ నెస్ నవల 'ఎ మాన్‌స్టర్ కాల్స్' (2011) చదువుతుంటే ఆ ప్రశ్న మళ్లీ ఎదురైంది. ఈ కథ ఆలోచన షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. పాత్రల్నీ, కథ మొదలునీ సిద్ధం చేసుకుంది గానీ, రొమ్ము క్యాన్సర్‌తో 2007లో చనిపోయింది. ఆమె వదిలివెళ్లిన చోటునుంచి నెస్ రాశాడు.

కానర్‌కీ పదమూడేళ్లే. తల్లికి క్యాన్సర్. తండ్రి మరో సంసారంతో అమెరికాలో ఉంటాడు. ఇంటి వెనక శ్మశానంలోని యూ చెట్టు రాత్రిళ్లు భయంకరాకారంతో నడిచొచ్చి మూడు కథలు చెబుతుంది. నాలుగోది నువ్వు చెప్పాలంటుంది. కానర్ దాచుకున్న ఆ నాలుగో కథ మా పిల్ల అడిగిన మాటే. అమ్మ బతకాలనీ కోరుకున్నాడు, ఈ బాధ ముగిసిపోవాలనీ కోరుకున్నాడు. ఒకే మనసులో రెండూ నిజాలే. మనసులో మెదిలిన ఆలోచన నేరం కాదని చెట్టు చెబుతుంది. ఓదార్పు మాటలు చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. పిల్లల చేత ఈ మాట అనిపించి, విని, భయపడకుండా నిలబడ్డ పుస్తకం నాకిదొక్కటే కనిపించింది.

నన్ను కదిలించిన ఘట్టం మాత్రం అమ్మమ్మది. కానర్ కోపంతో ఆమె ముందుగదిని ధ్వంసం చేస్తాడు. ఆమె వచ్చి చూసి తిట్టదు, మిగిలిన ఒక్క అద్దాల బీరువానీ తనే లాగి పడేస్తుంది. కూతురు పోతున్న తల్లి దుఃఖం అది. కానీ ఆ దుఃఖానికి నవల ఇచ్చిన చోటు చాలా తక్కువ. డౌడే రాసి ఉంటే ఆ ముసలామె ఇంకాస్త మాట్లాడేదేమో అనిపించింది నాకు.

ఇంకో సంగతి. కానర్ పొద్దున్నే తన ఫలహారం తనే చేసుకుని, ఇంటిపనులు చక్కబెట్టి బడికి పోతాడు. పాఠకులకి అది పిల్లవాడి ఒంటరితనంగా అర్థమవుతుంది. మా పిల్ల అదే పనిచేస్తే మేం 'పెద్దరికం' అన్నాం. నేను చదివిన మన కథల్లో కూడా తల్లి పోయిన ఆడపిల్ల ఒక్క పేరాలో పెద్దదైపోతుంది. గరిటె చేతికొచ్చాక దాని దుఃఖం గురించి ఎవరూ అడగరు. మన మెచ్చుకోలే దాని నోటికి తాళం.

ఇప్పుడది డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవులకొచ్చినప్పుడు చెప్పాను, "ఆ రోజు నీ నోరు మూయించడం నా తప్పే. ఆస్పత్రి వరండాలో నాకూ అలాగే అనిపించింది" అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు పిన్నీ?" అంది.

దాని తలదగ్గర కూర్చుని ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు రాక్షసులేం అవసరం లేదు. నా నిజం నేను ఒప్పుకుని ఉంటే సరిపోయేది.