ఎవరు చేసిండ్రు?

దయ్యం సినిమా ఏది వచ్చినా మా చిన్నకోడూరు హోటళ్ల కాడ నాలుగు రోజులు ఒకటే పంచాయితీ: "ఇంతకూ లాస్ట్‌కు ఏమైనట్టు?" రెండోసారి చూడందే నేను తీర్పు చెప్పను. మొదటిసారి మన కళ్లు దయ్యం మీదనే ఉంటాయి. రెండోసారి దాన్ని వదిలేసి మనుషుల్ని చూడాలి. ఎవరి మాటకు జవాబు రాలేదు, ఏ సీన్లో ఎవరు కనపడలేదు, అదీ లెక్క.

ఈ చూపు ‘ది సిక్స్త్ సెన్స్’ (1999) నుంచి అబ్బింది. పెళ్లిరోజు నాడు హోటల్లో భార్య ఒక్కతే కూర్చొని ఉంటుంది. బ్రూస్ విల్లిస్ ఆలస్యంగా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చొని సంజాయిషీ మొదలుపెడతాడు. ఆమె అతని వంక చూడదు. బిల్లు మీదికి అతను చెయ్యి చాచేలోపే తానే తీసుకుంటుంది. అలిగిందనుకుంటాం. అతను ఎప్పుడో చచ్చిపోయాడని చివర్లో తెలిశాక మళ్లీ చూడండి: కుర్చీని వెనక్కి జరపనే లేదు! దర్శకుడు శ్యామలన్ ఆ సీన్లో ఒక్క అబద్ధం ఆడలేదు. అలక మనం కల్పించుకున్నది.

ఈ పరీక్షలో ‘విరూపాక్ష’ కూడా పాసే. 2023 ఏప్రిల్‌లో వచ్చింది, దర్శకుడు కార్తీక్ దండు, స్క్రీన్‌ప్లే సుకుమార్‌ది. 1979లో రుద్రవనం అనే ఊళ్లో, క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి సజీవంగా కాల్చేస్తుంది. పుష్కరం తిరిగేసరికి ఊరు వల్లకాడవుతుందని ఆ భార్య శాపం పెడుతుంది. 1991లో వరసగా చావులు. చేస్తున్నదెవరా అని సాయిధరమ్ తేజ్ వెతుక్కుంటూ పోతే ఆఖరుకు తేలేది తాను మనసుపడ్డ నందిని. నందినిగా వేసిన సంయుక్త తొలి రీలు నుంచీ కళ్ల ముందే ఉంది, హీరోయిన్ కనుక మనం అనుమానించలేదు. తెలివైన పనే.

నాకు ముల్లు గుచ్చుకున్నది ఆ తర్వాత. ఈ ట్విస్టు ‘ఎవరు చేస్తున్నరు?’ అన్నదానికి జవాబు. ‘అసలు చేస్తున్నరా?’ అని అడిగే సందు సినిమా ఎక్కడా ఇవ్వదు. వేరే ఊళ్లవాళ్లకు అది కథ. మాది 2016 దాకా మెదక్ జిల్లా. బాణామతి, అంటే చేతబడి భయం ముదిరి, 1980ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు డాక్టర్లను వెంటబెట్టుకొని వచ్చి తిరిగిన జిల్లా. జ్వరం తగ్గకపోయినా, బర్రె పాలియ్యకపోయినా ముందు పుట్టే మాట "ఎవరో చేసిండ్రు". ఆ ‘ఎవరో’కు పేరు దొరకడానికి ఎంతోసేపు పట్టదు. ఎక్కువగా దిక్కులేని ముసలమ్మ పేరో, గెట్టు తగాదా ఉన్న పాలోళ్ల పేరో. పళ్లు పీకారనీ, కిరోసిన్ పోశారనీ పేపర్లలో చదివాం. మొదటి సీను మళ్లీ చూస్తుంటే ఆ మంట పెట్టినవాళ్లు పడ్డ భయం నిజమేనని సినిమా చెబుతున్నట్టే అనిపించింది. "గట్ల కాదు కాకా, ఊరు చేసిన పాపమే ఊరిని తిన్నది" అని ఒక పిల్లగాడు వాదించాడు. సగం ఒప్పుకున్నాను. పాపానికి మంత్రశక్తి తోడైతే తప్ప శిక్ష పడదా అన్నది మిగతా సగం.

‘చంద్రముఖి’ (2005) ఇంకో తోవ పట్టింది. ఫాజిల్ 1993లో మలయాళంలో తీసిన ‘మణిచిత్రతాళు’ కథ అది, పి. వాసు చేతికి వచ్చింది. అందులో ఎవరూ ఏమీ చెయ్యలేదు, గంగకు జబ్బు. అయితే మందుబిళ్లతో తగ్గే జబ్బు కాదు. మంత్రగాడిని పక్కన పెట్టుకొనే డాక్టరు రజనీకాంత్ నాటకం ఆడతాడు. ఆమె చేతికి కాగడా ఇస్తారు, ముఖం మీదికి పొగ, బూడిద విసురుతారు. రజనీకాంత్ పడుకున్న పలక తిరిగి అతను కిందికి జారుకుంటాడు, ఆ చోట బొమ్మ. ఆమె పగ తీరా కాలుస్తుంది. మంట అక్కడా ఉంది, కాలింది మాత్రం బొమ్మే. నా దృష్టిలో మన దయ్యం సినిమాల్లో ఇంతకు మించిన ముగింపు లేదు.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: "జబ్బే అయితే, గంగ మంచాన్ని ఒంటిచేత్తో ఎట్ల లేపింది?" రజనీకాంత్ సినిమా కదా, మంచమేంది, లారీ అయినా లేస్తుందని నవ్వేయొచ్చు. కానీ బోనాలప్పుడు పూనకమొచ్చిన బక్కపల్చని ఆడమనిషి, పట్టుకున్న నలుగురు మగోళ్లను ఇదిలించి పారేయడం మేమంతా చూసిందే. ఆమెను బాణామతి అనరు. కాళ్లు కడిగి, వానలెప్పుడు పడతాయని అడుగుతారు.