జన్యువుల పేరుతో తలరాత

"అంతా తలరాత" అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినబడుతూనే ఉంది. చదువుకున్నవాళ్లు దాన్నే "అంతా జీన్స్‌లో ఉంది" అంటున్నారు. రిజర్వేషన్ల ప్రస్తావన వస్తే చాలు, ప్రతిభ పుట్టుకతో వచ్చేదన్న వాదన లేస్తుంది. అందుకే రిచర్డ్ లెవొంటిన్, స్టీవెన్ రోజ్, లియోన్ కామిన్ 1984లో వెలువరించిన 'నాట్ ఇన్ అవర్ జీన్స్' గ్రంథాన్ని మేము మళ్లీ చదివాము. అమెరికాలో రీగన్, బ్రిటన్‌లో థాచర్ ఏలుతున్న కాలమది. పేదరికానికీ, జాతి వివక్షకూ, స్త్రీల అణచివేతకూ జీవశాస్త్రమే కారణమన్న వాదాన్ని ఈ ముగ్గురు శాస్త్రవేత్తలు ఎదుర్కొన్నారు.

సాక్ష్యాన్ని తూచి చూడడం ఈ గ్రంథం బలం. తెలివి వారసత్వమని చెప్పడానికి సిరిల్ బర్ట్ విడివిడిగా పెరిగిన కవలల లెక్కలు చూపేవాడు. కవలల జంటలు 21 నుంచి 53కు పెరిగినా, వారి తెలివి మధ్య సహసంబంధం మాత్రం 0.771 దగ్గరే నిలిచిపోయింది. నిజమైన కొలతలు అంత కదలకుండా ఉండవని 1970లలో ఎత్తిచూపినవాడు కామినే.

లెవొంటిన్ చెప్పిన విత్తనాల ఉదాహరణ మన రైతులకు ఇట్టే అర్థమవుతుంది. ఒకే సంచిలోని గింజలను ఒక గుప్పెడు సారమున్న మడిలో, ఒక గుప్పెడు సారంలేని మడిలో చల్లుదాం. ఒకే మడిలో మొక్కల ఎత్తుల్లో తేడా విత్తనం వల్ల కావచ్చు. రెండు మడుల మధ్య తేడా మాత్రం నేల వల్లనే.

అయితే ఒకచోట మాకు తృప్తి కలగలేదు. ఈ వాదం పాలకవర్గాలకు పనికొస్తుందని రచయితలు పదేపదే చెబుతారు. అది నిజమే. కానీ ఒక మాట వల్ల ఎవరికి లాభమో తేలినంత మాత్రాన ఆ మాట అబద్ధమని తేలదు. వారసత్వంగా వచ్చింది మార్చలేనిదేమీ కాదని వారు సరిగానే వివరించారు. ఆ తర్వాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. తెలివిలో కొంత పాలు పుట్టుకతోనే వస్తుందని రేపు రుజువైతే మన సమానత్వం కూలిపోతుందా?

మాకు దీనికి జవాబు 1936 నాటి 'కుల నిర్మూలన'లో దొరికింది. లాహోర్ సభలో చదవడానికి వీలులేకపోయిన ఆ ప్రసంగంలో మనిషి శక్తికి మూడు మూలాలను బాబాసాహెబ్ చెప్పారు: శరీర వారసత్వం, సమాజం నుంచి అందే పెంపకం, చదువు, ఆపైన స్వప్రయత్నం. ఈ మూడింటిలోనూ మనుషులు సమానులు కారని ఆయన ఒప్పుకున్నారు. అయినా మొదటి రెండింటిని బట్టి పోటీ పెడితే ముందే గెలిచినవాళ్లే మళ్లీ గెలుస్తారు. అందుకే మొదటినుంచీ అందరినీ సమానంగా చూడాలన్నారు. ప్రయోగశాల ఫలితం కోసం ఎదురుచూసే సమానత్వం కాదది, మనం పాటించవలసిన ధర్మం.

వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు గడ్డికీ, పురుగులకూ, పక్షులకూ పుట్టుకతో వేర్వేరు గుర్తులున్నాయని, మనుషుల మధ్య అలాంటివి లేవని చెప్పాడు. అంగుత్తర నికాయంలో అన్నిటికీ గత కర్మే కారణమన్న మతాన్ని కూడా తోసిపుచ్చాడు. అది నమ్మితే ప్రయత్నానికి చోటుండదు గనుక.

ఈ మాట ముందుగా మనకే వర్తిస్తుంది. పేదవాడి కష్టానికి పూర్వజన్మ పాపమే కారణమనే ఉపాసకుడు జన్యువుల వాదిని ఏ ముఖంతో ప్రశ్నిస్తాడు? అలాంటి కర్మవాదం సమాజాన్ని తన బాధ్యత నుంచి తప్పిస్తుందని 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ హెచ్చరించారు. తలరాత అన్నా, కర్మ అన్నా, జన్యువు అన్నా సారంలేని మడి అలాగే ఉండిపోతుంది. ఆ నేలను బాగుచేయడమే మన పని. ఈ గ్రంథాన్ని చదవండి. పక్కన 'కుల నిర్మూలన'ను కూడా పెట్టుకోండి.