లేచి నడిచే తీరు చూడాలి

పెద్దవాళ్ళను డాక్టరు దగ్గరికి తీసుకొచ్చే ఇంట్లోవాళ్ళ నోట తరచూ రెండు మాటలు వింటుంటాను. ఒకటి: "నీరసంగా ఉంటున్నారు, ఒక సెలైన్ పెట్టండి." రెండు: "వయసొచ్చిందిగా, అంతేలెండి." ఫ్యామిలీ డాక్టరుగా నాకు రెండూ తొందరపాటు మాటలే. ఆ నీరసానికి చాలాసార్లు కారణం ఉంటుంది. దాన్ని వెతికే పద్ధతీ ఉంది.

2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం వయసుతో వచ్చే ఇలాంటి బలహీనతకు ఐదు గుర్తులు చెప్పింది: కారణం లేకుండా బరువు తగ్గడం, అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, తిరుగుడు తగ్గడం. మూడు కనిపిస్తే చాలు, ఆ మనిషి చిన్న జ్వరానికే మంచం పట్టే ముప్పులో ఉన్నట్టు. నేను కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంటాను. 12 సెకన్లు పట్టిందంటే పడిపోతారేమోనని జాగ్రత్తపడాలి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మరోసారి బీపీ చూస్తాను. లేచిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 పడిపోతే, తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్తూ కళ్ళెందుకు తిరుగుతున్నాయో తెలిసినట్టే.

ఆ తర్వాత మందులు. ఆ మధ్య ఒక మామ్మగారి కోడలు మందుల క్యారీబ్యాగ్ టేబుల్ మీద బోర్లించింది. గుండె డాక్టరు రాసినవి, కీళ్ళ డాక్టరు రాసినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి. ఒకే నొప్పి మాత్ర రెండు కంపెనీల పేర్లతో ఉంది. పక్కనే ఎప్పుడో మొదలుపెట్టిన నిద్రమాత్ర. "ఇవన్నీ మింగితేనే ఇలా ఉన్నాను నాయనా, మానేస్తే ఏమైపోతానో" అన్నారావిడ. ఆ భయం తీర్చడమూ వైద్యమే. నొప్పి మాత్రలు బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. నిద్రమాత్ర తూలిపడేలా చేస్తుంది, అయినా ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. స్పెషలిస్టులు ఎవరి పని వాళ్ళు సక్రమంగానే చేశారు. అన్నిటినీ కలిపి చూసే డాక్టరు ఒకరుండాలి. ఇంట్లో ఎవరు వండుతారో, మందులెవరు అందిస్తారో తెలిసిన ఫ్యామిలీ డాక్టరే అందుకు తగినవాడు.

అయితే పెద్దవాళ్ళ మీద అభిమానం ఒక్కటే చాలదు, వాళ్ళ వైద్యం ప్రత్యేకంగా నేర్చుకోవాలి. ఇంగ్లండ్‌లో 65 ఏళ్ళు దాటినవాళ్ళలో బలహీనపడ్డవారిని గుర్తించడం, మరీ బలహీనంగా ఉన్నవారి మందులను ఏటా సరిచూడడం 2017లో జీపీల (అక్కడి ఫ్యామిలీ డాక్టర్ల) కాంట్రాక్టులోనే చేర్చారు. మన దేశంలో 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం పీహెచ్‌సీలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ ఉండాలంది. ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం ఇగ్నో వృద్ధుల వైద్యంలో పీజీ డిప్లొమా తెచ్చింది. ఊళ్ళలో ప్రాక్టీసు పెట్టే యువ డాక్టర్లు ఈ విద్య నేర్చుకోవాలి. రాబోయే కాలంలో ఇంతకన్నా అవసరమైన పని మరొకటి ఉండదని నా నమ్మకం.

పాఠకులకు ఒక్క విన్నపం. ఈసారి అమ్మానాన్నలను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, చూర్ణాలతో సహా, పట్టుకెళ్ళండి. ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారేమో దాచకుండా చెప్పండి. డాక్టరును అడక్కుండా ఏ మాత్రా మాన్పించకండి.