ఒప్పుకోలు చికిత్సేనా? లైంగిక నేరస్థుల పునరావాసంలో న్యాయ, మనోవిజ్ఞాన శాస్త్రాల పొత్తు

చట్టం శిక్ష విధించడంతో ఆగరాదని, తన ప్రక్రియలు మనిషి మానసిక స్థితిపై చూపే ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని డేవిడ్ వెక్స్‌లర్, బ్రూస్ వినిక్ ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని చికిత్సాత్మక న్యాయశాస్త్రం అంటారు. లైంగిక నేరస్థుల విషయంలో ఈ సిద్ధాంతానికి అసలు పరీక్ష ఒప్పుకోలు దగ్గర ఎదురవుతుంది.

2002లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన 'మెక్యూన్ వర్సెస్ లైల్' వ్యాజ్యం ఇందుకు మంచి నిదర్శనం. కాన్సస్ జైలు చికిత్సా కార్యక్రమంలో చేరే ఖైదీ తాను చేసిన నేరాన్ని అంగీకరించాలి. కేసు నమోదు కాని పాత లైంగిక నేరాలను సైతం రాసి ఇవ్వాలి. రాసిన దానిపై మళ్లీ విచారణ జరపబోమన్న హామీ మాత్రం లేదు. నిరాకరిస్తే సౌకర్యాలు తగ్గించి, కఠిన భద్రత గల విభాగానికి మారుస్తారు. ఇది నిర్బంధం కాదని కోర్టు 5-4 తేడాతో తేల్చింది.

ఆ తీర్పులో నలుగురు న్యాయమూర్తుల పక్షాన జస్టిస్ కెనడీ, చికిత్స పొందని వారిలో 80 శాతం వరకు మళ్లీ నేరం చేయవచ్చన్న అంచనాను ఉదహరించారు. ఆ అంకె 1988 నాటి ఒక ప్రభుత్వ మార్గదర్శిలోనిది. దానికి మూలం 1986లో ఒక జనరంజక పత్రికలో ఏ దత్తాంశమూ చూపకుండా రాసిన ఒకే ఒక్క వాక్యం. ఈ సంగతిని 2015లో ఎల్‌మన్‌లు బయటపెట్టారు. విచిత్రమేమంటే, నేరాన్ని నిరాకరించడానికీ మళ్లీ లైంగిక నేరం చేయడానికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదని హాన్సన్, బుస్సియేర్‌ల మెటా విశ్లేషణ 1998లోనే చూపింది. అంటే మనోవిజ్ఞానం నుంచి న్యాయస్థానం స్వీకరించింది భయపెట్టే అంకెను. పరీక్షకు నిలిచిన ఫలితాన్ని కాదు. బాధితురాలి దృష్టిలో ఒప్పుకోలుకు నైతిక విలువ ఉంది, నిజమే. కానీ దానిని చికిత్సా ప్రమాణంగా చెప్పడం వేరు.

వినిక్, లా ఫాండ్‌ల పునఃప్రవేశ న్యాయస్థానాల ప్రతిపాదనలోనూ ఈ చిక్కు తీరలేదు. అక్కడ న్యాయమూర్తి చికిత్సా బృందంలో భాగస్వామి. పాలీగ్రాఫ్ పరీక్షలు పర్యవేక్షణలో భాగం. సహాయం అందించే చేతికే తిరిగి జైలుకు పంపే అధికారం ఉన్నప్పుడు నేరస్థుడు మనసు విప్పుతాడా, జాగ్రత్తగా మాట్లాడతాడా? వినిక్ సిద్ధాంతం ఈ ప్రశ్నను తేలికగా దాటేసింది.

భారతదేశంలో 2018లో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ ఏర్పడింది. అది దర్యాప్తు సంస్థలకు ఉద్దేశించినది, చికిత్సకు కాదు. రేపు చికిత్సను కూడా జోడించదలిస్తే 'సెల్వి' (2010) తీర్పును దాటి పోవడం సాధ్యం కాదు. ఇష్టం లేని వ్యక్తిపై పాలీగ్రాఫ్ ప్రయోగించడం రాజ్యాంగంలోని 20(3) అధికరణకు విరుద్ధమని అది స్పష్టం చేసింది. విడుదలకు షరతుగా పొందిన సమ్మతిని స్వచ్ఛంద సమ్మతి అనవచ్చునా అన్నది ఇక్కడి పరిశోధకులు ముందుగా తేల్చవలసిన ప్రశ్న.