దారం చెప్పే దూరం: సింగపూర్ నుంచి న్యూయార్క్

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారప్పోగు తీసుకోండి. ఒక కొస సింగపూర్ మీద, రెండోది న్యూయార్క్ మీద ఆనించి బిగించండి. దారం తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. ఉత్తర ధ్రువాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఒక ఊరు 104 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, మరొకటి 74 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉన్నాయి. అంటే దాదాపు ఎదురెదురు. వేసవిలో రెండుచోట్లా గడియారం ముళ్లు ఒకేలా ఉంటాయి, అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి.

దూరం లెక్క కూడా ఇంట్లోనే కట్టవచ్చు. సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం నుంచి ధ్రువానికి సుమారు 89 డిగ్రీలు, ధ్రువం నుంచి న్యూయార్క్‌లోని కెనడీ విమానాశ్రయానికి 49. మొత్తం 138. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 15,300 పైచిలుకు. అచ్చమైన లెక్క 15,349.

ఆగకుండా అంత దూరం ఎగిరే విమానం ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్‌ఆర్ (అల్ట్రా లాంగ్ రేంజ్). సింగపూర్ ఎయిర్‌లైన్స్ దీన్ని 2018 అక్టోబరులో న్యూయార్క్ పొరుగునే ఉన్న నెవార్క్‌కు నడపడం మొదలుపెట్టింది. కెనడీకి ఆగకుండా వెళ్లే సర్వీసు 2020 నవంబరులో మొదలైంది. అంతకు ముందు 2004 నుంచి 2013 దాకా నాలుగింజన్ల ఏ340-500 నెవార్క్‌కు ఈ పని చేసింది. కొత్త విమానానికి ఇంజన్లు రెండే.

నన్ను కట్టిపడేసింది దీని ఇంధనం అమరిక. దూరం పెరిగితే ఇంకో ట్యాంకు బిగించాలని ఎవరికైనా తోస్తుంది. ఎయిర్‌బస్ వాళ్లు బిగించలేదు. ఉన్న ట్యాంకుల్లోనే ఇంధన వ్యవస్థను సర్ది, 1,41,000 లీటర్లు పట్టే చోట 1,65,000 లీటర్లు పట్టించారు. అదనపు ట్యాంకు పెడితే దాని బరువును మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. ఆ చిక్కుముడి పడకుండానే పని జరిగింది. ఈ విమానం 280 టన్నుల బరువుతో లేవగలదు. నిండా నింపితే అందులో దాదాపు సగం ఇంధనమే.

మిగతా సగంలో పొదుపు ఇంకా కఠినం. ఇదే సంస్థ మామూలు ఏ350లో 253 సీట్లు వేస్తే, ఇందులో 161 మాత్రమే. ఎకానమీ తరగతే లేదు. ముందువైపు సరుకుల గదిని వాడకుండా వదిలేశారు. విమానం ఒళ్లు సగానికి పైగా కార్బన్ ఫైబరు వంటి మిశ్రమ పదార్థాలతో చేసినది. రెక్కలూ ఈ పొదుపుకు తగ్గట్టే ఉంటాయి: ఇంధనం ఖర్చయి బరువు తగ్గేకొద్దీ రెక్క వెనుక ఫ్లాపులు కొద్దికొద్దిగా కదిలి రెక్క వంపును సరిచేస్తాయి. పక్షి చేసే పనే ఇది.

ఇంతకీ విమానం దారం చూపిన బాటలోనే పోదు. న్యూయార్క్‌కు వెళ్లేటప్పుడు తరచు పసిఫిక్ మీదుగా పోతుంది. వెయ్యి కిలోమీటర్లు ఎక్కువైనా, పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ వెనకనుంచి తోస్తుంది. తిరుగు ప్రయాణంలోనూ తరచు అట్లాంటిక్, యూరప్‌ల మీదుగా తూర్పుకే. అలా వెళ్లి వచ్చినవారు భూమిని ఒకసారి చుట్టివచ్చినట్టే.

ఒకవైపు ప్రయాణం సుమారు పద్దెనిమిదిన్నర గంటలు. నలుగురు పైలట్లు వంతులవారీగా నిద్రపోతారు. వాడని ఆ ముందు సరుకుల గది వాళ్లతోపాటే, ఖాళీగా, భూగోళం అవతలి వైపు దాకా వెళ్తుంది.